కాయ కాని కాయ

ఏప్రిల్ 21, 2024, ఆదివారం. హనుమకొండ

పద్మాక్షి గుట్ట దారిలో కానుగలు పూశాయి. నేను వెళ్లేసరికి ఊడ్చేవాళ్లు ఇంకా రాలేదు. చెట్ల కింద నేలంతా మరమరాలు పోసినట్టు లేత ఊదా పూలు. పిడికెడు ఏరుకుని అరచేతిలో పరిచి చూస్తే అందులో పూలు కానివి కూడా ఉన్నాయి. విచ్చుకోవలసిన మొగ్గ విచ్చుకోకుండా బఠాణీ గింజంత ఉబ్బింది. పచ్చగా, గట్టిగా, గోటితో నొక్కినా లొంగకుండా ఉంది. ఒక కొమ్మ వంచి చూశాను. ఒకే గుత్తిలో సగం పూలు, సగం ఈ గుండ్లు.

ఇన్నేళ్లూ ఇంటర్ పిల్లలకు కానుగ పువ్వు కోసి ధ్వజం, బాహువులు, ద్రోణి అని చూపించేటప్పుడు ఈ గుండ్లను గిల్లి పారేసి మంచి పువ్వు వెతుక్కునేదాన్ని. "అవి పాడైన మొగ్గలు, వదిలేయండి" అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. పుస్తకాల్లో చదివిన గాల్ ఇదేనని, లోపల ఒక ప్రాణి ఉంటుందని తెలిసి కూడా ఒక్కటంటే ఒక్కటి కోసి చూడలేదు. రిటైరై పది నెలలైంది. ఇప్పుడు పొద్దు నాది.

వస్తూ వస్తూ పొడుగు ఖాతా పుస్తకం ఒకటి కొన్నాను. గీతలు కొట్టి నాలుగు గడులు పెట్టాను: మొక్క, ఏ భాగం, బుడిపె ఎలా ఉంది, కట్టింది ఎవరు. బుడిపె అనే రాస్తాను. చిక్కుడు, వేరుశనగ వేళ్లకుండే వాటిని వేరు బుడిపెలని పాఠాల్లో చెప్పిన మాటే కదా. అవి బాక్టీరియా పని, ఇవి పురుగుల పని. రెండు చోట్లా కండ మొక్కదే. పురుగు గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపల మేత మొదలు పెడుతుంది, ఆ చోట మొక్క తన కణాలను అడ్డూ అదుపూ లేకుండా పెంచుతుంది. అడ్డూ అదుపూ లేకుండా అన్నాను గానీ అది తప్పు. ఏ పురుగు బుడిపె ఆ పురుగుకు ఒకే తీరుగా ఉంటుంది, అచ్చులో పోసినట్టు. కొలత అక్కడ పురుగుది, కూలి మొక్కది.

ఎం.ఎస్.మణి గారి 'ప్లాంట్ గాల్స్ ఆఫ్ ఇండియా' జిరాక్సు ప్రతి బీరువా అడుగున దొరికింది. 1973 నాటి పుస్తకం. కానుగ దగ్గర తీస్తే పూమొగ్గను ఉబ్బించేది ఒక గాల్ ఈగ: ఆస్ఫాండీలియా పొంగామియే. పేరు పెట్టినవారు మణి గారే.

నంబరు 1 పూమొగ్గ. నంబరు 2 అదే చెట్టు ఆకు. ఆకు పైవైపు లేత పచ్చ వేళ్లలా లేచిన బుడిపెలు, ఒక్క ఆకు మీద 43 లెక్కపెట్టాను. తిప్పితే ప్రతి బుడిపెకూ కిందివైపు సన్నటి నోరు, నోటి చుట్టూ నూగు. దీన్ని కట్టింది పురుగు కూడా కాదు, నల్లి జాతి: అసీరియా పొంగామియే. భూతద్దానికి అందదు, మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. నల్లులకు ఎనిమిది కాళ్లుండాలి, ఈ కుటుంబం వాటికి నాలుగే. ఒకే చెట్టు, ఒకే కొమ్మ. ఆకులో ఒకరు, పువ్వులో ఒకరు. ఒకరి ఇంట్లో ఒకరు అడుగు పెట్టరు.

ఏప్రిల్ 30, మంగళవారం

ఇరవై గుండ్లు తెచ్చి, పచ్చడి సీసాలో తడి దూది పరిచి, మూతికి పాత వాయిల్ చీర ముక్క కట్టి కిటికీలో పెట్టాను. ఎనిమిది విడిగా ఉంచి బ్లేడుతో కోశాను. అన్నిటి లోపలా గోడకు తెల్లగా, బూడిద రంగుగా బూజు పట్టి ఉంది. నా తడి దూది వల్లే కుళ్లాయని మనసు చివుక్కుమంది. ఎనిమిదీ చెత్తబుట్టలో వేశాను.

ఇవాళ పొద్దున సీసా గుడ్డకు అంటుకుని మూడు ప్రాణులు కనబడ్డాయి. బియ్యపు గింజలో సగం లేవు. ఆకుపచ్చ లోహపు మెరుపు, ఎర్రటి కళ్లు, నడుము దగ్గర సన్నం, వెనక సూది లాంటి తోక. ఇంత అందమైనది ఆ గుండులోంచి వచ్చిందా అనిపించింది. స్పిరిట్ సీసాలో వేసి చీటీ రాశాను. నంబరు 1 ఎదుట నాలుగో గడిలో పెన్నుతోనే రాశాను: "కట్టింది ఇదే."

మే 5, ఆదివారం. గూడూరు వైపు

తునికాకు తెంపే రోజులు. అడవి అంచున తెల్లవారక ముందే ఆడవాళ్లు పొదల్లో ఉన్నారు. ఎండ ముదరకముందు తెంపి, ఇంటికి చేర్చి, కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. కట్టకు యాభై ఆకులు.

ఒకామె పక్కన నిలబడి చాలాసేపు చూశాను. ఆమె ఆకును చూసి తెంపడం లేదు, తడిమి తెంపుతోంది. బొటనవేలు ఆకు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి జారుతుంది. బాగుంటే ఆకు చేతిలోకి వస్తుంది, లేకపోతే కొమ్మకే ఉండిపోతుంది. ఆమె వదిలేసిన ఆకులే నాకు కావలసినవి.

"గీ ఆకెందుకు ఇడిసిపెట్టినవ్?" అని అడిగాను.

"పొక్కులున్నయ్ గదమ్మా. బీడి సుడితె పొక్కు కాడ పలుగుతది. కల్లం కాడ కట్ట ఇప్పి సూస్తరు, అవుతల పడేస్తరు."

"పొక్కుల ఏమన్న ఉంటదా?"

"ఎందుకుండదు? పురుగుంటది. సన్నది. పిండి పూసుకున్నట్టు తెల్లగ ఉంటది." అని ఒక ఆకు తీసి, పొక్కును రెండు గోళ్ల మధ్య పెట్టి చిట్లించి, చాపిన వేలి మీద నాకు చూపించింది. చదునుగా, లేత పసుపుగా, ఒంటి నిండా మైనపు పొడి. సిల్లిడ్ అనే పురుగు పిల్ల. దాని పేరు ట్రయోజా అబ్సొలీటా. ఆమెకు ఆ పేరు అక్కరలేదు. ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో, దాని వల్ల ఏం పోతుందో ఆమె వేలికి తెలుసు.

నేను ఆకుకు ఎన్ని పొక్కులు, ఎంత వెడల్పు, పైవైపా కిందివైపా అని రాసుకుంటుంటే ఆమె కాసేపు చూసి, తను వదిలేసిన ఆకులు ఇంకో పది తెంపి నా సంచిలో పెట్టింది. "నీకు పనికొస్తయంటివి గద" అంది. ఆ పది ఆకులు తెంపే సమయంలో ఆమె కట్టలో పది మంచి ఆకులు తగ్గాయి. వాటిని అన్నిటికంటే జాగ్రత్తగా అట్టల మధ్య నొక్కి పెట్టాను.

నంబరు 9 నుంచి 12.

జులై 14, ఆదివారం

నాలుగు రోజుల ముసురు. పెరటి వెనక ఖాళీ జాగాలో కంచె మీద కాకిదొండ ఎగబాకింది. తీగ ఒక్కో కణుపు మధ్య ఆడపిల్ల మోచేయి ఎముకలా ఉబ్బి ఉంది. పొడవు 28 మిల్లీమీటర్లు, మందం 9. నిలువుగా చీలిస్తే లోపల పొడుగ్గా గదులు, గదికొక నారింజ రంగు పురుగు. పదకొండు. నియోలాసియోప్టెరా సెఫలాండ్రే అని మణి గారి పుస్తకంలో ఉంది. కూరదొండ పందిళ్లకు కూడా ఇదే పడుతుంది.

కాలేజీలో నా తర్వాత చేరిన అమ్మాయి తన మైక్రోస్కోపు చూసుకోనిచ్చింది. ఎదిగిన పురుగు రొమ్ము మీద గోధుమ రంగులో ఒక చిన్న పలక, గరిటె ఆకారంలో. గాల్ ఈగల పిల్లలకు ఉండే గుర్తు ఇది. ఇది కనబడితే కుటుంబం తేలిపోయినట్టే. బొమ్మ గీశాను. గరిటె కాడ కొంచెం పొట్టిగా వచ్చింది, ఇంకోసారి గీయాలి.

కానుగ సీసాలో చచ్చి మిగిలిన పురుగు ఒక్కటి కూడా లేదు, దాని రొమ్ము చూద్దామంటే. ఆ ఎనిమిదింటినీ పారేయకుండా ఉండాల్సింది.

ఆగస్టు 25, ఆదివారం. తమ్ముడి ఊరు, నర్సంపేట దగ్గర

చిన్న పొలం. నాట్లు ఆలస్యమయ్యాయి. సన్నాలకు బోనస్ అన్నారని తమ్ముడు ఈసారి మొత్తం సాంబమసూరి వేశాడు. గట్టు మీద నడుస్తుంటే పైరు పచ్చగానే ఉంది గానీ మధ్యమధ్య ఏదో తేడాగా మెరుస్తోంది.

"ఉల్లికోడు పడ్డదక్కా" అన్నాడు.

దిగి చూశాను. పిలక ఆకు వేయాల్సిన చోట ఉల్లికాడలా గుండ్రటి గొట్టం వచ్చింది. వెండి పూత పూసినట్టు తెల్లబారిన పచ్చ. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఉల్లికోడు. ఇది కూడా బుడిపేనని, మన రైతులు గాల్‌కు పెట్టుకున్న అచ్చ తెలుగు పేరు ఇదేనని ఈ రోజు గట్టు మీద నిలబడ్డప్పుడు గానీ తట్టలేదు. ఒర్సియోలియా ఒరైజే. దోమంత ఈగ ఆకు మీద గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు మంచు తడిలో పాకుతూ ఆకు తొడిమల మధ్యగా మొవ్వులోకి దిగుతుంది, అక్కడ మొక్క పెరిగే మొనను పట్టుకుంటుంది. వరి లేని రోజుల్లో అడవి వరిలో, గట్టు గడ్డిలో తలదాచుకుంటుంది. కాబట్టి నా పుస్తకంలో దీనికి చోటుంది.

నాన్న ఉన్నప్పుడు సురేఖ వేసేవాళ్లు, తర్వాత ఫల్గుణ. రెండూ ఉల్లికోడును తట్టుకునే రకాలు. శ్రీకాకుళం వైపు 1980లలో ఫల్గుణను కూడా లొంగదీసే ఈగ తరం బయల్దేరింది. ఆ తర్వాత వరంగల్ పరిశోధన స్థానం కావ్య తెచ్చింది. మనిషి ఒక తాళం వేస్తాడు, ఈగ మారుతాళం చేయించుకుంటుంది. సాంబమసూరికి ఆ తాళమే లేదు. అన్నం మాత్రం అదే తినాలని అందరికీ ఉంటుంది.

అసలు రాయవలసింది ఇది. తమ్ముడు ఒక గొట్టం పీకి కొస నా కళ్ల ముందు పెట్టాడు.

"గిది సూడు. తొక్క ఏలాడుతుంది. ఈగ ఎల్లిపోయింది. ఇప్పుడు మందు గొట్టినా ఫాయిదా లేదు. తొక్క లేని గొట్టంల ఇంక ఉన్నట్టు."

గొట్టం కొసన చిన్న రంధ్రం, ఆ రంధ్రంలో సగం బయటికి, సగం లోపలికి ఇరుక్కుని పారదర్శకంగా ఒక పొర. పురుగు కోశస్థ దశలో గొట్టం పైకి పాకి, కొస దగ్గర రంధ్రం చేసుకుని, సగం బయటికి వచ్చి, అక్కడే ఒళ్లు విడిచి ఈగై ఎగిరిపోతుంది. వాడు ముప్పై ఏళ్లుగా చూస్తున్న తొక్క అది.

చేతిలో ఆ గొట్టంతోనే నిలబడిపోయాను. నా కానుగ గుండ్లకు తొక్కలు లేవు.

ఆగస్టు 26, సోమవారం

పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను. కాగితం కవరులో దాచిన పన్నెండు ఎండు గుండ్లనూ భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాను. మూడింటికి రంధ్రాలు ఉన్నాయి. గుండుసూదితో పొడిచినట్టు గుండ్రంగా, అంచు నున్నగా, శుభ్రంగా. తొక్క ఆనవాలు ఒక్కదానికి కూడా లేదు.

ఆస్ఫాండీలియా కూడా గాల్ ఈగే. దాని కోశస్థ దశకు తల మీద గట్టి కొమ్ములుంటాయి, వాటితో గోడ తొలుచుకుని సగం బయటికొచ్చి, తొక్కను రంధ్రంలోనే వదిలి పోతుంది. నేను దాచిన రంధ్రాలు దానివి కావు. ఆ ఆకుపచ్చ మెరుపు ప్రాణి ఇల్లు కట్టినది కాదు, ఇల్లు కట్టినదాన్ని లోపల తినేసి బయటికొచ్చిన కందిరీగ జాతి. వెనకున్న ఆ సూదితో దాని తల్లి బయటి నుంచే గోడలోకి పొడిచి, లోపలి పురుగు మీద గుడ్డు పెట్టింది. సీసాలోంచి వచ్చినదల్లా కట్టినది కాదని మణి గారు హెచ్చరించే ఉన్నారు. ఆ వాక్యం కింద పెన్సిలు గీత కూడా ఉంది, నా చేతిదే, ఎప్పటిదో.

ఇంకో మాట కూడా చదివాను. చదివాక చాలాసేపు పుస్తకం మూయలేదు. ఈ ఆస్ఫాండీలియా జాతి ఈగలు గుడ్డుతో పాటు బూజు బీజాలను కూడా మొగ్గలో పెడతాయి. లోపలి గోడకు పెరిగే ఆ బూజే పిల్ల పురుగుకు మేత. నేను కుళ్లిందని చెత్తబుట్టలో పారేసిన ఎనిమిదీ కుళ్లలేదు. వంట అవుతున్న ఇళ్లు అవి.

నంబరు 1 ఎదుట "కట్టింది ఇదే" కొట్టేశాను. కొట్టేసిన మాట కనబడేట్టు ఒక్క గీతతోనే. పక్కన నేటి తేదీ వేశాను. నాలుగో గడిని మూడుగా చీల్చాను: కట్టింది ఎవరు, చొరబడింది ఎవరు, తొక్క ఉందా. కానుగకు మొదటి గడి ఖాళీ. కళ్లతో చూసేదాకా ఖాళీగానే ఉండాలి.

సెప్టెంబరు 8, ఆదివారం

ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలి కొట్టి వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పేపరులో పై నుంచి తీసిన ఫొటో చూశాను. దువ్వెనతో దువ్వినట్టు ఒక్క వైపుకే పడుకున్నాయి. జూన్‌లో అక్కడ మూడు నల్లమద్దులకు దారం కట్టి వచ్చాను, ట్రయోజా ఫ్లెచెరీ బుడిపెలు ఆకు నిండా ఉన్నవి. మద్ది మీద దసలి పట్టుపురుగును పెంచేవాళ్లకు ఈ బుడిపెలు శత్రువులు, నాకేమో నంబరు 15, 16, 17. తోవలు మూసుకుపోయాయట, వెళ్లడానికి లేదు. ఆ మూడు గడుల్లో "ఉన్నదో లేదో" అని పెన్సిలుతో రాశాను.

అక్టోబరు 12, శనివారం. విజయదశమి

ఊళ్లో జమ్మి దగ్గరికి అందరం వెళ్లాం. పూజ అయ్యాక తమ్ముడి మనవడు పరుగెత్తుకొచ్చి నా చేతిలో ఆకు పెట్టి "బంగారం అవ్వా" అని కాళ్లకు దండం పెట్టాడు. వాణ్ని లేపి దీవించి, ఆకు కళ్లకు అద్దుకోబోతుంటే వేలికి తగిలింది. ఆకు ఈనె మీద ఆవగింజంత బుడిపె, దాని పక్కన ఇంకోటి.

అందరి చేతుల్లోని బంగారమూ అడిగి చూశాను. పన్నెండు రెమ్మల్లో ఏడింటికి ఉన్నాయి. చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లి చూస్తే పాత రెమ్మల మీద గట్టిపడి నల్లబడిన ముడులు. పూలు వచ్చే కాలంలో పూగుత్తులు కూడా గుండ్లవుతాయి. జమ్మి మీద ఆకు ఈనెకు ఒకరు, పూగుత్తికి ఒకరు, రెమ్మకు ఒకరు, అందరూ వేరు వేరు. తెలంగాణ రాష్ట్ర వృక్షం కదా, దీని కొమ్మల మీద ఎవరెవరు కాపురం ఉంటున్నారో ఊరూరా ఒక్కరైనా రాసి పెడితే బాగుండు. ఏటా ఒకే రోజున, ఇన్ని లక్షల చేతులు, ఇన్ని లక్షల ఆకులు. ఇంతకంటే పెద్ద సర్వే ఏముంటుంది?

మనవడికి భూతద్దం ఇచ్చాను. చీకటి పడేదాకా తిరిగి ఇవ్వలేదు.

నంబరు 31. కట్టింది: ఖాళీ. చొరబడింది: ఖాళీ. తొక్క: లేదు.

నవంబరు 10, ఆదివారం. రామప్ప చెరువు కట్ట

మేడి ఆకుల మీద బుడిపెలు నేరేడు గింజంత, చెక్కలా గట్టివి. బ్లేడు వంగింది, చాకు తేవాల్సి వచ్చింది. పాడ్రొప్సిల్లా కాదు, సరిగ్గా రాయాలి: పారోప్సిల్లా డిప్రెస్సా. ఇది కూడా సిల్లిడే.

అయితే మేడిలో అసలు సంగతి పండులో ఉంది. వేమన మేడిపండు పద్యం పిల్లలందరికీ నోటికి వస్తుంది. అందులోని పురుగులు ఏవని ఒక్క పిల్ల నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. మేడిపండు పండు కాదు. లోపలికి ముడుచుకున్న పూగుత్తి. ముందున్న చిన్న కంత గుండా సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్ అనే కందిరీగ ఆడది దూరుతుంది. దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి. మోసుకొచ్చిన పుప్పొడి చల్లుతుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, లోపలే చచ్చిపోతుంది. గుడ్డు పడ్డ ప్రతి పువ్వూ గింజ కాకుండా బుడిపె అవుతుంది. రెక్కలు లేని మగవి ముందు పుట్టి, బుడిపెల్లో ఉన్న ఆడవాటితో జతకట్టి, వాటి కోసం పండు గోడకు సొరంగం తవ్వి, తాము ఎండ చూడకుండానే పోతాయి. ఆడవి పుప్పొడి నింపుకుని ఆ దారిన బయల్దేరతాయి.

సగం పండిన కాయ ఒకటి కోసి తెల్ల రుమాలు మీద పెట్టాను. వందల బుడిపెలు, ఒక్కోటి గసగసాల గింజకు కొంచెం పెద్ద. అందులో ఒకటి కదులుతోంది. మగది పసుపు రంగులో, తన ఒంటినే దారిగా చేసుకున్నట్టు సాగి సాగి, ఒక బుడిపె గోడ కొరుకుతోంది. అరగంట చూశాను. ఈ పురుగులు లేకపోతే మేడికి గింజ లేదు, గింజ లేకపోతే మేడి లేదు. ఆ పద్యం మనుషుల గురించి, అది ఎప్పటికీ నిజమే. చెట్టు సంగతి అడిగితే మాత్రం మేడి పొట్టలో ఉన్నవి మేడి పిలిపించుకున్న చుట్టాలు.

జనవరి 12, 2025, ఆదివారం

బిడ్డ పురిటికి వచ్చి ఇరవై రోజులు. అమ్మ పొద్దున్నే తన రేకు డబ్బా తీసి సానరాయి కడిగింది. వసకొమ్ము, కరక్కాయ, శొంఠి, మాచికాయ. మునిమనవరాలి నాలుకకు రాస్తానని. నా బిడ్డ ఒప్పుకోలేదు, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దని డాక్టరమ్మ చెప్పింది అని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మీ అందరికీ ఇదే రాసిన" అని మాత్రం అంది. బిడ్డ మాటే సరైనది, అమ్మ నొచ్చుకోవడమూ నిజమే. అమ్మ దగ్గర కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను.

మాచికాయలు రెండున్నాయి. ఒకటి సానరాయి మీద అరిగి అరిగి ఒక పక్క చదునైంది. రెండోది నిండు. పెద్ద గోలీ అంత, బూడిద రంగు, ఒంటి మీద మొటిమలు. తిప్పుతుంటే కనబడింది: గుండ్రటి రంధ్రం, అంచు నున్నగా.

ఈ డబ్బాలోంచి నా నాలుకకు రాశారు, నా చెల్లెలికి రాశారు, తమ్ముడికి రాశారు. పచారీ కొట్లో కాయ అని అడిగి కొన్నది కాయ కాదు. తురకదేశం, సిరియా, ఇరాన్ కొండల్లో పెరిగే ఓక్ చెట్టు రెమ్మ మీద ఒక చిన్న కందిరీగ కట్టించుకున్న బుడిపె. ఓడలెక్కి వచ్చి తెలుగింటి మందుల డబ్బాలో కరక్కాయ పక్కన కూర్చుంది. కరక్కాయ నిజంగా కాయ, చెట్టు పండు. ఇంగ్లీషు వాళ్లు మాత్రం దాన్ని కూడా గాల్ నట్ అన్నారు. మనం బుడిపెను కాయ అన్నాం, వాళ్లు కాయను బుడిపె అన్నారు. రెంటిలోనూ ఉన్నది వగరే, ఆ వగరే అన్నభేదితో కలిస్తే నల్ల సిరా. రంధ్రం పడని మాచికాయకు వగరు ఎక్కువ, ధర ఎక్కువ. రంధ్రం పడితే లోపలి ప్రాణి వెళ్లిపోయినట్టు, వగరు తగ్గినట్టు. వ్యాపారులు కూడా రంధ్రం చూసే బేరం చేసేవాళ్లన్నమాట.

1679లో ఇటలీలో మాల్పిగీ బుడిపెలను కోసి, లోపలి పురుగు బయటి పురుగు పెట్టిన గుడ్డు నుంచే వస్తుందని రాశాడు. అంతకు ముందు పెద్ద పెద్ద పండితులు కూడా చెట్టే పురుగును కంటుందని నమ్మారు.

అమ్మకు రంధ్రం చూపించి సంగతంతా చెప్పాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "అయితే ఇన్నేండ్లు పురుగు ఇల్లు అరగదీసిన్నా?" అంది. తర్వాత ఆ నిండుది నా చేతిలో పెట్టింది. "నీ పుస్తకంల రాసుకో."

నంబరు 44. మొక్క: ఓక్, ఈ దేశానిది కాదు. తెచ్చినది: అమ్మ డబ్బా. కట్టింది: సినిప్స్ గాలే టింక్టోరియే.

ఏప్రిల్ 20, ఆదివారం

అదే దారి, అదే కానుగ. ఈసారి నలభై గుండ్లు, నలభై హోమియో సీసాలు. సీసాకు ఒక్కటే. దేనిలోంచి ఏది వచ్చిందో తప్పు పడకుండా. తడి దూది లేదు, కాడ మాత్రం తడి కాగితంలో.

పోయిన ఆదివారం వాటిలో ఒకటి కోశాను. గోడకు ఆ తెల్లటి బూజు, దాని మధ్య లేత నారింజ రంగు పురుగు. రొమ్ము మీద గరిటె. చూసి మళ్లీ చూశాను. బొమ్మ గీశాను, ఈసారి కాడ సరిగ్గా వచ్చింది.

ఇవాళ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి టార్చి పట్టుకుని సీసాల ముందు కూర్చున్నాను. 5.40కి పదిహేడో సీసాలో గుండు మీద చిన్న చుక్క లేచింది. చుక్క నల్లబడింది. రెండు కొమ్ములు బయటికొచ్చాయి, ఆ వెనక తల. ఆగింది. మళ్లీ కదిలింది, ఒళ్లంతా మెలికలు తిప్పుతూ నడుము దాకా వచ్చింది. వీపు మీద నిలువుగా చీలిక. అందులోంచి ముందు మూపు, తర్వాత ఒక్కొక్క కాలు, దారం లాగినట్టు పొడుగ్గా. ఆరో కాలు వచ్చేసరికి కిటికీ తెల్లబడింది. రెక్కలు తడిసిన పొగలా ఉన్నాయి. దోమ కంటే చిన్నది, గోధుమ రంగు, మెరుపు ఏమీ లేదు. ఆ పక్కనే రంధ్రంలో ఇరుక్కుని ఖాళీ తొక్క నిలబడి ఉంది, ఉల్లికోడు గొట్టం కొసన చూసినట్టే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "తొక్క కనబడ్డదా?" అన్నాడు, హలో కూడా అనకుండా.

నంబరు 1. కానుగ, పూమొగ్గ. పద్మాక్షి గుట్ట దారి, ఎడమ వైపు మూడో చెట్టు. కట్టింది: ఆస్ఫాండీలియా పొంగామియే, 2025 ఏప్రిల్ 20, ఉదయం 5.40 నుంచి 6.05, కళ్లతో చూశాను. చొరబడింది: ఆకుపచ్చ కందిరీగ, 9, 22, 31 సీసాల్లో. బూజు: ఉంది. తొక్క: ఉంది.

ఇంకా ముప్పై అయిదు సీసాలు మూసే ఉన్నాయి.